మూడు సీజన్ల డేటాకి గ్లోబల్ ఛేంజ్‌లో చోటెక్కడ?

పరిశోధక విద్యార్థుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఈసారి మూడు తీసుకున్నాను. మొదటి జవాబు బాగా పొడుగైంది. అదే ప్రశ్నను వేరువేరు మాటల్లో చాలామంది అడుగుతున్నారు, అందుకే తగ్గించలేదు.

ప్రశ్న: నమస్కారం మేడమ్. ఎకాలజీలో పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉన్నాను. ఒక కొండవాలు గడ్డిమైదానంలో మూడు సీజన్ల పాటు ఓపెన్ టాప్ ఛాంబర్లు పెట్టి, అంటే పైకప్పు లేని చిన్న పారదర్శకపు గోడలు పెట్టి లోపలి గాలిని కాస్త వేడెక్కించి, పూలు ఏ రోజు పూస్తున్నాయో రాసుకున్నాను. సగం ప్లాట్లకు కంచె వేశాం, సగం పశువుల మేతకు వదిలేశాం. మేసే రోజుల్లో ఛాంబర్లు తీసేసి తర్వాత మళ్ళీ పెట్టేవాళ్ళం. కంచె లోపల వేడి పెంచినచోట పూత ముందుకు జరిగింది, మేత ఉన్నచోట ఆ తేడా దాదాపు కనిపించలేదు. పేపర్ పంపితే ఎడిటర్ రివ్యూకి కూడా పెట్టకుండా తిప్పి పంపారు. "పని బాగుంది, కానీ స్థానికం. గ్లోబల్ ఛేంజ్ సాహిత్యంలో దీని స్థానం స్పష్టంగా లేదు" అని రెండే లైన్లు. మా గైడ్ గారు ఇంట్రడక్షన్‌లో వాతావరణ మార్పు గురించి ఒక పేరా కలపమన్నారు. కలిపాను. పదహారు కొత్త రిఫరెన్సులు చేరాయి, కానీ చదువుకుంటే ఎవరిదో పేరా తెచ్చి అతికించినట్టుంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అతికించినట్టు మీకే అనిపిస్తోందంటే ఎడిటర్‌కి ఇంకా గట్టిగా అనిపిస్తుంది. ఆ పేరా తీసేయండి. గైడ్ గారికి ఏం చెప్పాలో చివర్లో చెబుతాను.

మీరు పంపిన ఇంట్రడక్షన్ రెండుసార్లు చదివాను. మొదటి వాక్యం ఇది: "వాతావరణ మార్పు ఈ శతాబ్దంలో జీవవైవిధ్యానికి ఎదురవుతున్న పెద్ద ముప్పుల్లో ఒకటి." తప్పేం లేదు, కానీ పగడపు దిబ్బల మీద రాసిన పేపర్‌కి పెట్టినా, ధ్రువపు ఎలుగుబంట్ల పేపర్‌కి పెట్టినా ఇదే వాక్యం ఇంతే చక్కగా సరిపోతుంది. మీ కంచె గురించి గానీ మీ పూల గురించి గానీ అది ఎడిటర్‌కి ఏమీ చెప్పలేదు. మేత ఉన్నచోట వేడి ప్రభావం కనిపించకపోవడం అన్న అసలు సంగతి మూడో పేజీలో గానీ రాలేదు. నాకు రాసిన ఉత్తరంలో మాత్రం చకచకా కొన్ని వాక్యాల్లోనే చెప్పేశారు కదా. ఆ వరసే పేపర్‌కి కావాలి.

ఇక గ్లోబల్ ఛేంజ్ అన్న మాట. దాన్ని మీరు వాతావరణ మార్పుకి ఇంకో పేరుగా వాడుతున్నారు. చాలామంది అలాగే వాడతారు, కానీ ఈ రంగంలో ఆ మాట పరిధి మొదటినుంచీ అంతకంటే పెద్దది, మనుషుల వల్ల భూమి మీద వస్తున్న పెద్ద మార్పులన్నీ అందులోకి వస్తాయి. ఎకాలజిస్టు పీటర్ విటౌసెక్ 1994లో ఎకాలజీ జర్నల్‌లో రాసిన వ్యాసం శీర్షికలోనే గ్లోబల్ వార్మింగ్‌ను దాటి చూడాలన్న మాట ఉంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం, నత్రజని చక్రం మారిపోవడం, భూవినియోగం మారడం, ఈ మూడూ జరుగుతున్నాయని అప్పటికే గట్టిగా తెలుసని ఆయన వాదించారు. 2000లో సాలా, సహరచయితలు సైన్స్ పత్రికలో 2100 నాటి జీవవైవిధ్యాన్ని అంచనా వేసినప్పుడు నేల మీద అన్నిటికంటే ఎక్కువ ప్రభావం భూవినియోగానిదేనని, వాతావరణం దాని తర్వాతేనని తేల్చారు. 2019లో ఐపీబీఈఎస్ (జీవవైవిధ్యం మీద ప్రభుత్వాలకు శాస్త్రీయ అంచనాలు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ) ప్రపంచ నివేదిక ప్రకృతి దెబ్బతినడానికి ప్రత్యక్ష కారణాలను ఐదుగా చెప్పింది: నేల, సముద్ర వినియోగంలో మార్పు, జీవులను నేరుగా వాడుకోవడం, వాతావరణ మార్పు, కాలుష్యం, ఆక్రమణ జాతులు.

ఇప్పుడు మీ కంచె వైపు చూడండి. మేత అంటే భూవినియోగమే. మీ ప్లాట్లలో గ్లోబల్ ఛేంజ్ కారణాలు రెండున్నాయి, అవి ఒకదానిమీద ఒకటి పనిచేస్తున్నాయి కూడా. పేపర్‌లో మాత్రం ఒక్కదాని పేరే వినిపిస్తోంది, రెండోది "సైట్ వివరణ" కింద పడుకుని ఉంది. స్థానికం అన్న మాట ఎడిటర్ నోట రావడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

మీ ఫలితానికి మూడు చర్చల్లో చోటుంది. మూడిట్లోనూ కూర్చోవాలని మాత్రం చూడకండి, ఒకటి ఎంచుకోండి.

మొదటిది రుతుచర్య (ఫినాలజీ), అంటే జీవుల్లో ఏది ఏ కాలంలో జరుగుతుందన్నది; ఇక్కడ పూత తేదీలు ముందుకు జరగడం. 2003లో పార్మెసాన్, యోహే నేచర్‌లో వేసిన లెక్క ప్రకారం వసంతకాలపు ఘటనలు సగటున దశాబ్దానికి 2.3 రోజులు ముందుకు వస్తున్నాయి. ఆ తర్వాత ఈ విషయం మీద వచ్చిన పేపర్లకు లెక్కలేదు. "మా మైదానంలో కూడా ముందే పూశాయి" అని చెబితే ఎవరూ కాదనరు, ఎవరి ఆలోచనా మారదు. మీరు ఇప్పుడు నిలబడింది ఈ గుంపులోనే.

రెండోది మరింత ఆకర్షణగా కనిపిస్తుంది. వోల్కోవిచ్, సహరచయితలు 2012లో నేచర్‌లో ప్రయోగాలనూ దీర్ఘకాల పరిశీలనలనూ పక్కపక్కన పెట్టారు. ఒక్కో డిగ్రీకి పూత ఎంత ముందుకు జరుగుతుందన్న విషయంలో ప్రయోగాలు చూపించే మార్పు, ప్రకృతిలో కనిపించేదానికంటే చాలా తక్కువగా ఉందని తేలింది: పూత విషయంలో 8.5 రెట్లు, ఆకులు వేయడంలో 4 రెట్లు తక్కువ. ఇంత తేడా ఎందుకన్నది పెద్ద చర్చ. "ఈ తేడాకి కంచెలే కారణం" అని రాద్దామని మీకు చేయి లాగుతుంది. ఒక్క నిమిషం ఆగి దిశ చూసుకోండి. మీ దగ్గర కంచె లోపలే పూత ఎక్కువ జరిగింది, మేత ఆ స్పందనను తగ్గించింది. ప్రయోగాల్లో కంచెలున్నాయి కాబట్టి స్పందన తక్కువగా కనిపిస్తోందని చెప్పాలంటే మీ ఫలితం దీనికి తిరగబడి ఉండాలి. అంటే మీ డేటా ఆ తేడాని విప్పి చెప్పదు, ఇంకా పెద్దది చేస్తుంది. డిస్కషన్‌లో రెండు వాక్యాల్లో ఈ మాట నిజాయితీగా రాయండి, మంచి రివ్యూయర్ దానికి మెచ్చుకుంటారు. పేపర్ మొత్తాన్ని దానిమీద నిలబెట్టవద్దు.

మూడోది మీ ఇల్లు. కారణాలు కలిసినప్పుడు ఏమవుతుందన్న చర్చ. కాలిఫోర్నియాలోని జాస్పర్ రిడ్జ్ గడ్డిమైదానంలో జరిగిన ప్రయోగం గురించి 2002లో సైన్స్‌లో వచ్చిన పేపర్ చదవండి. వేడి, నీరు, నత్రజని పెంచితే మొక్కల ఉత్పత్తి పెరిగింది, వాటికి అదనపు కార్బన్ డయాక్సైడ్ తోడైతే ఆ పెరుగుదల తగ్గింది. విడివిడిగా చూసి కూడితే ఆ లెక్క వచ్చేది కాదు. 2019లో రిల్లిగ్ బృందం నేల మీద పది కారణాలను ఒక్కొక్కటిగా, తర్వాత కలిపి పరీక్షించింది. కారణాల సంఖ్య పెరిగేకొద్దీ ఫలితం ఒక్కోదాని ప్రభావం నుంచి ఊహించలేనిదిగా మారింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎక్కువ ప్రయోగాలు ఒకటి రెండు కారణాల దగ్గరే ఆగిపోతున్నాయని కూడా వాళ్లు చూపించారు.

మీ పక్కింటివాళ్లు కూడా ఈ వీధిలోనే ఉన్నారు. టిబెట్ పీఠభూమి మీద క్లైన్, హార్ట్, జావో చేసిన ప్రయోగంలో (2004, ఎకాలజీ లెటర్స్) వేడి పెంచితే మొక్కల జాతులు వేగంగా తగ్గాయి, మేతను అనుకరించి గడ్డి కత్తిరించినచోట ఆ నష్టం తగ్గింది. గ్రీన్‌లాండ్‌లో పోస్ట్, పెడర్సన్ (2008, పీఎన్ఏఎస్ పత్రిక) మస్క్ ఆక్సెన్, కారిబూ అనే ధ్రువప్రాంతపు జంతువులు మేసే చోటా మేయని చోటా వేడి పెంచి చూస్తే మొక్కల సముదాయం రెండు చోట్లా వేరువేరుగా స్పందించింది. ఈ రెండు పేపర్లూ మీ పదహారు కొత్త రిఫరెన్సుల్లో లేవు. వాళ్లు చూసింది ఏ మొక్కలున్నాయి, ఎంత ఉన్నాయి అన్నది. మీరు చూసింది ఎప్పుడు పూశాయి అన్నది. మేత వేడి ప్రభావాన్ని అణచడం సముదాయానికే పరిమితమా, కాలానికి కూడా వర్తిస్తుందా? మీ ప్రశ్న ఇది. కొండవాలు ఎక్కడున్నా ఈ ప్రశ్న మీద పనిచేసేవాళ్లందరూ మీ జవాబు కోసం చూస్తారు.

మొదటి పేరా ఇలా మొదలైతే ఎలా ఉంటుందో చూడండి:

"వేడెక్కితే గడ్డిమైదానాల్లో పూత ముందుకు జరుగుతుందని ప్రయోగాలు చూపించాయి. ఈ మైదానాల్లో చాలా భాగం మేతకు వాడుకలో ఉండగా, ప్రయోగాల్లో చాలావాటికి కంచె ఉంటుంది. మొక్కల సముదాయంలో వేడి తెచ్చే మార్పును మేత తగ్గించగలదని ఇప్పటికే తెలుసు. పూత సమయం విషయంలోనూ అలాగే జరుగుతుందా అన్నది అంతగా పరీక్షించలేదు."

నాలుగు వాక్యాలు, ముప్పు అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. అయితే చివరి వాక్యం, కంచెల గురించిన వాక్యం నేను నమూనాగా రాసినవి. మీరు వెతికి నిర్ధారించుకున్నాకే అలా రాయండి. వెతకడమంటే ఆ 2004, 2008 పేపర్లను తర్వాత ఎవరెవరు ఉటంకించారో మొత్తం తిరగేయడం. మేత అన్న మాటతోనే కాక గడ్డి కత్తిరించడం, శాకాహార జంతువులు అన్న మాటలతో కూడా వెతకండి, ఎందుకంటే ఒకే పనిని ఈ రంగంలో మూడు నాలుగు పేర్లతో పిలుస్తారు. రెండు రోజుల పని. ఎవరో ముందే చేసి ఉంటే కంగారు పడకండి, "వాళ్లకు అక్కడ ఇలా వచ్చింది, మాకు ఇక్కడ ఇలా వచ్చింది, తేడా దీనివల్ల కావచ్చు" అన్నది ఇంకా మంచి మొదలు.

ఒక పెద్ద చిక్కు ఉంది, దీన్ని దాటకుండా ఏ జర్నల్‌కీ పంపవద్దు. మేసే రోజుల్లో ఛాంబర్లు తీసేశామన్నారు. మరి కంచె లోపలి ఛాంబర్లు ఆ రోజుల్లో అక్కడే ఉన్నాయా? ఉంటే మేత ప్లాట్లకు వేడి తక్కువ రోజులు అందింది. స్పందన తగ్గింది మేత వల్లా, వేడి తగ్గడం వల్లా అని రివ్యూయర్ మొదటి పేజీలోనే అడుగుతారు. ఉష్ణోగ్రత నమోదు చేసే లాగర్లు పెట్టారు కదా, రెండు రకాల ప్లాట్లకూ మొత్తం సీజన్‌లో నిజంగా అందిన వేడిని లెక్కకట్టి, "ఛాంబర్ ఉంది, లేదు" అనే బదులు ఆ డిగ్రీలతోనే విశ్లేషణ మళ్ళీ చేయండి. దాంతోపాటు ఇంకోటి: ముందుగా పూసిన మొగ్గల్ని పశువులు తినేస్తే మీ నోట్‌బుక్‌లోకి ఎక్కేది మిగిలిన ఆలస్యపు పూలే. అప్పుడు మొక్క స్పందించలేదని కాదు, స్పందించిన పువ్వు మీరు చూసేలోపే పోయిందని అర్థం. కొరికిన కాడలు లెక్కపెట్టి ఉంటే ఆ డేటా వెంటనే బయటికి తీయండి. మేత మొక్క పూసే సమయాన్నే మార్చిందా, ముందు పూసినవాటిని పశువులు తినేశాయా అన్నదాన్ని బట్టి మీ పేపర్ కూర్చునే వరసే మారిపోతుంది. మొక్క లోపలి గడియారం మారితే రుతుచర్య వాళ్లు చదువుతారు, పశువు నోరు మార్చితే శాకాహార జంతువుల మీద పనిచేసేవాళ్లు చదువుతారు.

నా మొదటి పేపర్ సంగతి ఒకటి చెప్పాలి. ఒక అడవిలో పక్షుల గూళ్ళు తగ్గడం గురించి రాసి, చివర్లో "దీనికి వాతావరణ మార్పు కారణం కావచ్చు" అని కలిపాను. ఒక రివ్యూయర్ అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: "మీ సైట్‌లో ఉష్ణోగ్రత ఎంత మారింది?" నేను చూడనేలేదు. దగ్గర్లోని వాతావరణ కేంద్రం రికార్డులు తెప్పించి గీసి చూస్తే, గూళ్ళు కట్టే నెలల్లో చెప్పుకోదగ్గ పెరుగుదలే లేదు. పక్కనే చెట్లు నరికిన విషయం మాత్రం నా మెథడ్స్‌లో ఒక మూల అర వాక్యంగా ఉంది. ఆ అర వాక్యం ముందుకొచ్చింది, పేపర్ నిలబడింది. అప్పటినుంచీ ఎవరి డ్రాఫ్ట్ చూసినా మెథడ్స్‌లో అలాంటి అర వాక్యాల కోసమే ముందు వెతుకుతాను. మీ దగ్గర ఆ అర వాక్యం కంచె.

"మూడు సీజన్లతో వాతావరణం గురించి ఏం చెబుతారు" అన్న ప్రశ్న మీకు తప్పకుండా వస్తుంది. ప్రపంచ వాతావరణ సంస్థ సగటు వాతావరణం లెక్కకు 30 ఏళ్లు తీసుకుంటుంది, మూడేళ్లతో ధోరణి చెప్పడం ఎవరివల్లా కాదు. మీరు చెప్పేది ధోరణి కాదని, వేడి పెంచితే వచ్చే స్పందన అని డిస్కషన్‌లో సూటిగా రాయండి. "ప్రపంచవ్యాప్తంగా" అన్న మాట మీ డిస్కషన్‌లో ఐదుసార్లుంది, ఐదూ కొట్టేయండి. ఆ చోట్లలో మీ ఫలితం ఏ పరిస్థితుల్లో చెల్లుతుందని అనుకుంటున్నారో రాయండి: బహువార్షిక గడ్డి, సీజన్‌లో కొన్ని రోజులే మేత, తేమ ఉన్న నేల, ఇలా. అది చదివి పొడి నేల మీద పనిచేసే మనిషి "నా దగ్గర ఇలా వస్తుందా" అని పరీక్షించుకోగలరు. స్థానికమైన పని బయటివాళ్లకు ఉపయోగపడేది అలాగే.

గైడ్ గారితో వాదన పెట్టుకోకండి. పాత పేరా, పైన రాసిన నాలుగు వాక్యాలు ఒకే కాగితం మీద ప్రింట్ తీసి ఇచ్చి, "ఏది చదివితే మన ఫలితం ఏమిటో ముందే ఊహకి వస్తోంది సార్" అని అడగండి. ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాళ్లు, రెండూ పక్కపక్కన చూస్తే వాళ్లకే తెలుస్తుంది.

ప్రశ్న: పాత సర్వే రికార్డులు దొరికితే అవే చెరువుల్లో మళ్ళీ నీటి కీటకాలు లెక్కపెట్టాను. తగ్గలేదు, కొన్నిచోట్ల పెరిగాయి. ప్రపంచమంతా కీటకాలు అంతరిస్తున్నాయని అంటుంటే ఇది ఎలా రాయాలి? ఎవరూ వేసుకోరేమోనని భయంగా ఉంది.

జవాబు: భయపడాల్సిన ఫలితం కాదు, దాచకండి. 2017లో జర్మనీలోని రక్షిత ప్రాంతాల్లో ఎగిరే కీటకాల మొత్తం బరువు 27 ఏళ్లలో 75 శాతానికి పైగా పడిపోయిందని హాల్‌మన్ బృందం చూపించింది, అందరి చెవినా పడింది అదే. 2020లో వాన్ క్లింక్ బృందం ఎన్నో దేశాల 166 దీర్ఘకాల సర్వేలను కలిపి చూస్తే నేల మీది కీటకాలు దశాబ్దానికి సుమారు 9 శాతం తగ్గుతున్నాయని, మంచినీటి కీటకాలు సుమారు 11 శాతం పెరుగుతున్నాయని తేలింది. డేటా ఎంపిక మీద ఆ పేపర్‌కి గట్టి విమర్శలు కూడా వచ్చాయి, వాటినీ చదివి ఉటంకించండి. అంటే మీ ఫలితం సాహిత్యానికి ఎదురు నిలబడటం లేదు, నడుస్తున్న ఒక వాదన మధ్యలోకి వచ్చింది.

మీలాంటి ఫలితాలు బయటికి రాకపోతే నష్టం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. 2019లో బాగా ప్రచారమైన ఒక సమీక్షలో పేపర్లు వెతకడానికి వాడిన పదాల్లో "తగ్గుదల" అన్న మాటే ఉంది. తగ్గుదల అని వెతికితే తగ్గినవే దొరుకుతాయి కదా అని తర్వాత చాలామంది ఎత్తిచూపారు. మీ పేపర్ ఆ ఖాళీలో ఒక నిజమైన కొలత.

అయితే "తగ్గలేదు" అనగానే "బాగున్నాయి" అని రాయకండి. 2014లో డోర్నెలాస్ బృందం సైన్స్‌లో చూపించింది ఇదే: ఒక్కో చోట జాతుల సంఖ్య సగటున పెద్దగా తగ్గకపోయినా, ఏ జాతులున్నాయన్నది మాత్రం బాగా మారిపోతోంది. మీ జాబితాలు రెండూ జాతి జాతికీ సరిపోల్చండి. పాత సర్వే ఏ నెలలో, ఏ వలతో, ఎన్నిసార్లు చేశారో ఒక పట్టిక వేయండి. అప్పటికే ఆ చెరువులు కలుషితమై ఉండి, మధ్యలో నీరు శుభ్రపడి ఉంటే మీరు చూస్తున్నది కోలుకోవడం కావచ్చు. పాత నీటి పరీక్షల కాగితాలు ఎక్కడైనా ఉన్నాయేమో అడగండి. శీర్షికలో ప్రపంచం అన్న మాట వద్దు, చెరువులు అన్న మాట ఉండాలి.

ప్రశ్న: జాతుల విస్తరణ మోడల్‌కి, అంటే ఒక జాతి ముందుముందు ఎక్కడెక్కడ ఉండొచ్చో అంచనా వేసే మోడల్‌కి, ఆర్‌సీపీ 8.5 (భవిష్యత్తు ఉద్గారాల గురించి శాస్త్రవేత్తలు ఊహించుకున్న దృశ్యాల్లో ఒకటి) వాడి దాన్ని "ఇప్పుడున్నట్టే సాగితే" అని పిలిచాను. రివ్యూయర్ అభ్యంతరం చెప్పారు. తప్పా?

జవాబు: వాడటం తప్పు కాదు, పిలిచిన పేరు తప్పు. 2020లో హౌస్‌ఫాదర్, పీటర్స్ నేచర్‌లో రాసిన వ్యాసం సరిగ్గా దీని గురించే. ఆ దృశ్యం చాలా ఎక్కువ ఉద్గారాలు ఊహించుకున్నది, దాన్ని మామూలుగా జరగబోయేదిగా చూపించడం తప్పుదారి పట్టిస్తుందని వాళ్ల వాదన. "అధిక ఉద్గారాల దృశ్యం" అని పిలవండి, మధ్యస్థంగా ఉండే ఆర్‌సీపీ 4.5తో కూడా మోడల్ నడిపి రెండు మ్యాపులూ పక్కపక్కన పెట్టండి. రెండిట్లోనూ మీ జాతి ఒకే వైపు జరిగితే ఆ మాట అబ్‌స్ట్రాక్ట్‌లోకి తీసుకురండి, జరగకపోతే ఎంత తేడా వచ్చిందో అబ్‌స్ట్రాక్ట్‌లోనే చెప్పండి.